మొగ్గ విప్పిన గోరు

పాలమూరు జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో నేను బోటనీ చెప్పే రోజుల మాట ఇది. 2004 వానాకాలం. ఆ రోజు ప్రాక్టికల్ క్లాసులో మందార పువ్వు. ఏ ఊళ్ళో బోటనీ చదివినవాళ్ళకైనా పువ్వు పాఠం మందారంతోనే మొదలు. పెద్ద పువ్వు, భాగాలన్నీ కంటికి కనబడతాయి, నాలుగిళ్ళు తిరిగితే క్లాసుకి సరిపడా దొరుకుతాయి. రక్షక పత్రావళి, ఆకర్షణ పత్రావళి, కేసరావళి, అండకోశం - నాలుగు వలయాల్నీ విడదీసి తెల్లకాగితం మీద పరచమన్నాను. మందారంలో కేసరాలన్నీ కలిసిపోయి ఒక గొట్టంలా ఉంటాయి. కీలం ఆ గొట్టం లోపల్నుంచి పైకొస్తుంది. పిల్లలు బ్లేడుతో కోస్తున్నారు, కోసిన ప్రతిచోటా కీలం తెగిపోతోంది.

వెనక బెంచీలో ఒకమ్మాయి బ్లేడు ముట్టుకోలేదు. పువ్వు పక్కన పెట్టి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ ఒకటి తీసుకుంది. బొటనవేలి గోటితో మొగ్గ అడుగున చుట్టూ గీసి, కొంచెం తిప్పి, పైకి లాగింది. రేకులు, కేసరాల గొట్టంతో సహా ఒక్క ఊపులో ఊడివచ్చాయి. మధ్యలో కీలం చెక్కు చెదరకుండా నిలబడి ఉంది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాను.

"సీడు పత్తిల మేడం. మూడో తరగతికెళ్లి చేసిన. మా దిక్కు ఆడపిల్లలందరికొస్తది."

పత్తి, మందారం ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. ఆ అమ్మాయి చేసిన పనికి మా పాఠ్యపుస్తకంలో విపుంసీకరణ అని పేరు. మగ భాగాన్ని తీసేయడం. పుస్తకంలో దానికి కేటాయించింది రెండు వాక్యాలు. నా ఎమ్మెస్సీలో చిమటాతో ఓ పది మొగ్గలు విప్పి ఉంటాను, అందులో సగం పాడుచేశాను. రోజుకెన్ని విప్పేదానివి అనడిగితే ఆ పిల్ల నవ్వింది. "ఎవరు లెక్కపెడ్తరు మేడం?"

లెక్క మాట వచ్చింది గనక చెప్తున్నాను. పువ్వుల చరిత్రంతా ఎవరు ఎవర్ని లెక్కపెట్టారన్న చరిత్రే. అంతకు ముందు దాన్ని నేను శాస్త్ర చరిత్రగానే చదివాను.

మొక్కల్లో ఆడా మగా ఉంటాయన్న సంగతి పండితులు కనిపెట్టింది కాదు. మన కల్లుగీత కార్మికులు పోతుతాడు వేరు, పండుతాడు వేరు అని ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నారు, ఏ కాలంలో ఏ చెట్టు గీయాలో దాన్నిబట్టే నిర్ణయించుకుంటారు. గుమ్మడిపాదు పెట్టుకున్న ఏ ఇల్లాలికైనా ఏ పువ్వు కింద పిందె ఉంటుందో, ఏది వట్టి పువ్వో తెలుసు. మగ ఖర్జూరపు పూగుత్తిని కోసి ఆడచెట్టు మీద దులపడం పశ్చిమాసియా తోటల్లో వేల ఏళ్ళ నాటి పని. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దాన్ని రాసి కూడా పెట్టాడు. అయినా పువ్వులో పుప్పొడి లేనిదే గింజ కట్టదని ప్రయోగం చేసి రుజువు చేయడానికి 1694 దాకా పట్టింది. జర్మనీలోని ట్యూబింగెన్‌లో కామెరారియస్ అనే వైద్యుడు చేసిన ఆ ప్రయోగాల్లో ఒకటి ఆముదం మొక్క మీద. ఆముదపు గెలలో ఆడపూలు పైన, మగపూలు కింద ఉంటాయి. పుప్పొడి రాలకముందే మగపూలన్నీ గిల్లేశాడాయన. ఆడపూలు కాయ కట్టబోయి ఎండిపోయాయి. మొక్కజొన్న మీదా, మల్బరీ మీదా ఇలాంటివే చేశాడు. మాటల్లో పొదుపరి, చేసింది చేసినట్టు ఉత్తరంలో రాసి స్నేహితుడికి పంపాడు.

ఆ పొదుపు తర్వాతి తరానికి రాలేదు.

1729 చివర్లో ఉప్సాలాలో చదువుకుంటున్న ఇరవై రెండేళ్ళ కార్ల్ లిన్నేయస్ తన గురువు ఓలోఫ్ సెల్సియస్‌కి కొత్త సంవత్సరం కానుకగా ఒక చిన్న వ్యాసం రాసిచ్చాడు. దాని పేరుకి అర్థం మొక్కల పెళ్ళికి నాంది అని. అందులో పూలరేకులు పెళ్ళిమంచం, సువాసనలు ఆ మంచం మీద చల్లిన అత్తరు. 1735లో లైడెన్‌లో అచ్చయిన 'సిస్టెమా నాచురే'లో ఈ కవిత్వమే వర్గీకరణగా మారింది. మొక్కలన్నిటినీ 24 తరగతులు చేశాడు. తరగతిని నిర్ణయించేది ప్రధానంగా కేసరాలు, అంటే మగవాళ్ళు: ఎంతమంది, ఎంత పొడుగు, ఎవరితో ఎవరు కలిసున్నారు. తరగతిలోపల ఉపవిభాగాలు చాలావరకు అండకోశంలోని కీలాల లెక్కన, అంటే ఆడవాళ్ళ లెక్కన. మొనాండ్రియా అంటే ఒక భర్త, డయాండ్రియా ఇద్దరు, పెంటాండ్రియా అయిదుగురు. మగవాళ్ళ లెక్క పైన, ఆడవాళ్ళ లెక్క దాని కింద. ఇలాగే ఉండాలని ప్రకృతిలో ఏ ఆధారమూ లేదని, నాటి సమాజంలోని హోదాల్నే ఆయన మొక్కల మీదికి ఎక్కించాడని 1993లో చరిత్రకారిణి లాండా షీబింగర్ రాసేదాకా మన పాఠాల్లో అది ఒట్టి 'కృత్రిమ వర్గీకరణ', అంతే.

ఈ లెక్కలో మన బతుకమ్మను పేర్చి చూద్దామని నాకొకసారి సరదా పుట్టింది. గునుగు పువ్వు పెంటాండ్రియా మొనోగైనియా, అయిదుగురు భర్తలూ ఒక భార్యా. (ద్రౌపదిని ఎరిగిన మనకి ఇందులో కొత్తేముంది!) తంగేడు డెకాండ్రియా, పదిమంది భర్తలు, ఒక్కతే భార్య. ఈ రెండు మొక్కలకూ శాస్త్రీయ నామాలు పెట్టింది కూడా లిన్నేయస్సే, 1753లో. గుమ్మడిలో భార్యాభర్తలు ఒకే ఇంట్లో వేర్వేరు మంచాలమీద. ఇక బంతి, చామంతి దగ్గరికొచ్చేసరికి నా సరదా కాస్తా పోయింది.

బంతిపువ్వు ఒక పువ్వు కాదు, చిన్న చిన్న పువ్వుల గుంపు. మధ్యలో ఉండేవి ద్విలింగ పుష్పాలు, అంచున రేకుల్లా కనబడేవి ఆడపూలు. మధ్యనున్నవాళ్ళు పెళ్ళాలని, అంచున ఉన్నవాళ్ళు ఉంపుడుగత్తెలని లిన్నేయస్ వివరణ. రెండు రకాలూ గింజ కడితే అంచువాళ్ళు ఎలాగూ అదనం గనక ఆ విభాగం పేరు 'సూపర్‌ఫ్లువా', అనవసరపు బహుభార్యాత్వం. మన బంతీ చామంతీ అందులో ఉన్నాయి. అంచుపూలు గింజ కట్టకపోతే 'ఫ్రస్ట్రానియా', వ్యర్థం. పొద్దుతిరుగుడు అందులో ఉంది. మధ్యవాళ్ళు గొడ్రాళ్ళై, అంచువాళ్ళు గింజ కడితే అప్పుడు మాత్రమే 'నెసెస్సారియా', అవసరం. సంతానం లేదని రెండో పెళ్ళి చేసుకొచ్చే వాదన మనకు తెలియంది కాదు. దాన్ని లాటిన్‌లో, మొక్కల పుస్తకంలో చదవడం మాత్రం కొత్త.

ఇంకోటి చూడండి. తంగేడులో పది కేసరాలున్నా పైన ఉండే మూడూ గొడ్డువి, వాటిలో పనికొచ్చే పుప్పొడి ఉండదు. వాటినెవరూ వ్యర్థమైన భర్తలనలేదు. పదిమంది లెక్కలో వాళ్ళనీ కలిపేసుకున్నారు.

ఈ వర్గీకరణ మన తీరానికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, తీరమంతా తిరిగి, 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో చనిపోయాడు. దగ్గర్లోని సామర్లకోటలో అప్పటికే రాక్స్‌బర్గ్ ఉన్నాడు. ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో వచ్చింది, 300 బొమ్మలతో. ఆ బొమ్మలు వేసింది ఇక్కడి చిత్రకారులు. వాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు. ప్రతి మొక్కకీ భర్తల సంఖ్యా భార్యల సంఖ్యా ఉన్నాయి, తెలుగువాళ్ళు దాన్నేమంటారో కూడా చాలాచోట్ల ఉంది. ఆ పేర్లు ఎవరు చెప్పారు? ఆకూ అలమూ ఏరుకొచ్చే ఆడవాళ్ళు అందులో లేకుండా ఉంటారా అని నా అనుమానం. అనుమానం దగ్గరే ఆగుతాను.

ఇంత సంసార వర్ణన జరిగాక ఐరోపాలో కొత్త చిక్కొకటి వచ్చిపడింది. ఈ శాస్త్రాన్ని ఆడవాళ్ళు చదవొచ్చా? బోటనీ అప్పటికే ఇంట్లో ఉండి చేసుకోగల చదువు. తోట చాలు, కత్తెర చాలు. 1776లో విలియం విదరింగ్ బ్రిటిష్ మొక్కల మీద రాసిన పుస్తకంలో స్త్రీ పాఠకుల మర్యాద కోసం లైంగిక పదాలన్నీ తీసేసి, కేసరాలకూ కీలాలకూ పాత ఇంగ్లీషు మాటలేవో పెట్టాడు. ఒకవైపు పువ్వును పడకగదిగా వర్ణించింది వాళ్ళే, ఆ వర్ణన ఆడపిల్లల చెవిన పడకూడదన్నదీ వాళ్ళే. 1792లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఈ సంకోచాన్ని ఎండగట్టింది. 1798లో పోల్వీల్ అనే మతాచార్యుడు ఆమెనీ, పువ్వు విప్పి చూసే అమ్మాయిల్నీ కలిపి తిడుతూ కావ్యమే రాశాడు. ఈ మధ్యలోనే, 1796లో, ప్రిసిల్లా వేక్‌ఫీల్డ్ ఇద్దరు అక్కచెల్లెళ్ళ ఉత్తరాల రూపంలో బోటనీ పుస్తకం రాసింది. ఆమె వాడింది విదరింగ్ శుద్ధి చేసిన మాటల్నే. దాన్ని రాజీ అనొచ్చు. కానీ ఆ పుస్తకం యాభై ఏళ్ళపాటు మళ్ళీమళ్ళీ అచ్చవుతూ వెళ్ళింది, అన్నేళ్ళపాటు ఆడపిల్లలు దాన్ని చేతపట్టుకుని పువ్వులు విప్పారు. తలుపు సందులోంచి చదువుకోవడం మన ముందుతరం స్త్రీలకీ అలవాటే గనక నేను ఆమెను తప్పుపట్టలేను.

తీరా ఆడవాళ్ళు బోటనీలో నిలదొక్కుకున్నాక ఇంకో మాట వినబడింది. 1829లో లండన్ యూనివర్సిటీలో మొదటి బోటనీ ప్రొఫెసరైన జాన్ లిండ్లీ తన ప్రారంభోపన్యాసంలో, ఇన్నాళ్ళూ ఇది ఆడవాళ్ళ కాలక్షేపంగా ఉండిపోయిందని, గంభీరమైన మగవాళ్ళ శాస్త్రంగా దీన్ని మార్చాలని అన్నాడు. చదవకూడదన్నారు, చదివితే చదివినందుకు శాస్త్రమే చిన్నదైపోయిందన్నారు.

లిన్నేయస్ ఇంట్లోనే ఒకమ్మాయి ఉంది. ఎలిజబెత్ క్రిస్టీనా, పెద్ద కూతురు. సాయంసంధ్యలో నాస్టర్షియం పువ్వులు మెరిసినట్టు కనబడటం గమనించి 1762లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, స్వీడిష్ అకాడమీ పత్రికలో వ్యాసం రాసింది. ఆమె అన్న పద్దెనిమిదేళ్ళకే విశ్వవిద్యాలయపు తోటలో ఉద్యోగి, తర్వాత తండ్రి కుర్చీలో ప్రొఫెసర్. ఆడపిల్లలకి ఆ విశ్వవిద్యాలయంలో ప్రవేశమే లేదు.

నాకు ఇష్టమైన మనిషి మాత్రం లిడియా బెకర్. మాంచెస్టర్‌లో ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం 1870లో పత్రిక పెట్టిన ఆ బెకరే. అంతకు ముందు ఆమె బోటనీ మనిషి, 1864లో కొత్తవాళ్ళకోసం బోటనీ పుస్తకం రాసింది. లిక్నిస్ అనే మొక్కలో ఆడమొక్కలు వేరు, మగమొక్కలు వేరు. కొన్ని మొక్కల్లో మాత్రం ఒకే పువ్వులో రెండు భాగాలూ కనబడుతున్నాయని ఆమె గమనించి 1863లో చార్లెస్ డార్విన్‌కి నమూనాలు పంపింది. అదొక బూజు చేసే పని. ఆ బూజు సోకిన ఆడపువ్వులో కేసరాలు మొలుస్తాయి, వాటిలో పుప్పొడికి బదులు బూజు బీజాలుంటాయి. ఆడ, మగ అన్నది మొక్కలో రాయిమీద చెక్కిన గీత కాదని ఆమె తన కళ్ళతో చూసింది. 1868లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో స్త్రీ పురుషుల బుద్ధికి తేడా ఉందన్న నమ్మకాన్ని ప్రశ్నిస్తూ ప్రసంగించిన మనిషీ ఆమే. ఈ రెండు పనులూ ఒకే బుర్రలోంచి వచ్చాయని నాకు ఎవరూ చెప్పలేదు. చరిత్ర పుస్తకంలో ఓటుహక్కు బెకర్, బోటనీ పుస్తకంలో అడుగున ఒక పేరు.

పువ్వు లోపల అసలేం జరుగుతుందో మెల్లగా బయటపడింది. పుప్పొడి రేణువు కీలాగ్రం మీద పడి నాళంలా పెరగడాన్ని ఇటలీలో అమిచి 1824లో ప్రకటించాడు, అదీ మన గంగవాయిలి కూర పువ్వులో. 1898లో రష్యాలో నవాషిన్, మరుసటి ఏడు ఫ్రాన్సులో గిన్యార్ ద్విఫలదీకరణాన్ని చూశారు. ఒక్కో పరాగనాళం రెండు పురుష బీజకణాల్ని తెస్తుంది. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది, రెండోది మధ్య కణంతో కలిసి పిండానికి ఆహారమయ్యే అంకురచ్ఛదమవుతుంది. మనం తినే వరి అన్నం ప్రధానంగా ఆ రెండో కలయిక ఫలమే. ఇంగ్లండులో అదే ఏడాది, 1899లో, లిల్లీ పువ్వులో ఆ రెండు కేంద్రకాల్నీ చూసి ప్రకటించింది ఎథెల్ సార్జెంట్. ఆమె ప్రయోగశాల తల్లి ఇంటి తోటలో ఉండేది. లండన్‌లో లిన్నేయస్ పేరు మీదున్న లిన్నియన్ సొసైటీ 1904 దాకా స్త్రీలకు సభ్యత్వం ఇవ్వలేదు. అందుకోసం పట్టుబట్టి అర్జీలు పెట్టిన మరియన్ ఫార్కర్సన్‌ని మొదటి విడతలో తిరస్కరించారు కూడా. ఆమెకు 1908లో గానీ చోటు దొరకలేదు.

అండం పక్కన రెండు కణాలుంటాయి. వాటిని సహాయకణాలంటారు. తోడు పెళ్ళికూతుళ్ళలాగా నిలబడి ఉంటాయన్నట్టే మేమూ చదివాం, మేమూ చెప్పాం. 2001లో జపాన్ శాస్త్రజ్ఞుడు హిగాషియామా బృందం లేజర్‌తో ఒక్కొక్క కణాన్నీ కాల్చి చూసింది. అండాన్ని కాల్చినా పరాగనాళం వచ్చింది. సహాయకణాలు రెంటినీ కాల్చేస్తే రావడం మానేసింది. దారి చూపేది అవేనన్నమాట. అంతకంటే ముందు కీలాగ్రం దగ్గరే వడపోత ఉంది. చాలా జాతుల్లో తన పుప్పొడినే తాను గుర్తుపట్టి, మొలకెత్తకుండా గానీ మధ్యలోనే గానీ ఆపేస్తుంది. ఇంత పని జరిగే చోటును మంచం మీద ఎదురుచూసే పెళ్ళికూతురిగా మూడు వందల ఏళ్ళు చెప్పుకొచ్చాం. సహాయకణాల పేరు ఇంకా మారలేదు.

మళ్ళీ పత్తి చేలోకి వస్తాను.

పత్తి పువ్వు ద్విలింగ పుష్పం, ఎక్కువగా తన పుప్పొడితో తానే కాయ కట్టేస్తుంది. సంకర విత్తనం కావాలంటే ఆడమొక్కగా ఎంచుకున్న చెట్టు మీద రేపు విచ్చుకునే ప్రతి మొగ్గనీ ఈ సాయంత్రమే విప్పి కేసరాలు తీసేయాలి, గుర్తుకి ఎర్రకాగితమో మరొకటో తొడగాలి. పొద్దున్నే మగచెట్టు పూలు కోసుకొచ్చి కీలాగ్రానికి రుద్దాలి. ఒక మగపువ్వు నాలుగైదు ఆడపూలకు వస్తుంది. ఇలా రోజూ, రెండు మూడు నెలలు. దేశంలో మొదటి వాణిజ్య సంకర పత్తి 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ తయారుచేశారు. రెండేళ్ళకి ధార్వాడ్ నుంచి రెండు జాతుల్ని కలిపిన సంకరం వచ్చింది, దాని పేరు వరలక్ష్మి. ఆడపేరు పెట్టారు, బాగుంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాకా పని మారలేదు, అదీ సంకరమే గనక. అమెరికాలో రైతులు ఎక్కువగా మామూలు రకాలే వేస్తారు. అన్ని పూలను చేత్తో విప్పించడం అక్కడ గిట్టుబాటు కాదు. ఇక్కడ అయింది. ఎందుకయిందో కర్నూలు, నంద్యాల, గద్వాల వైపు ఎవర్నడిగినా చెప్తారు.

వాళ్ళు చెప్పేది ఆడపిల్లల గురించి. చిన్నవేళ్ళు, మొక్క ఎత్తుకి సరిపోయే ఎత్తు, చెప్పినమాట వినడం - ఇవీ రైతులు చెప్పే కారణాలు. పెద్దవాళ్ళకిచ్చే కూలీ ఇవ్వనక్కర్లేదన్నది చెప్పని కారణం. పంట వేయకముందే తల్లిదండ్రులకి అడ్వాన్సు ఇస్తారు, అది తీరేదాకా పిల్ల బడికి పోదు. మందు కొట్టిన చేలోనే రోజంతా. దావులూరి వెంకటేశ్వర్లు 2003లో ఇదంతా అధ్యయనం చేసి, విత్తన కంపెనీల ధరల నిర్ణయానికీ ఈ పిల్లల కూలీకీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. తర్వాత గొడవలయ్యాయి, ఒప్పందాలయ్యాయి, కొన్నిచోట్ల పిల్లలు తగ్గారు. 2015లో వచ్చిన ఇంకో నివేదికలోనూ మళ్ళీ పిల్లలే ఉన్నారు.

సంకరణం చేసిన స్త్రీల పేర్లు అడిగితే నేను క్లాసులో ఎప్పుడూ జానకీ అమ్మాళ్ గురించి చెప్పేదాన్ని. 1930ల్లో కోయంబత్తూరు చెరకు కేంద్రంలో చెరకునీ మొక్కజొన్ననీ కలిపిన మనిషి, 1945లో డార్లింగ్టన్‌తో కలిసి క్రోమోజోముల అట్లాస్ రాసిన మనిషి. ఒంటరి స్త్రీగా, కింది కులంగా చూడబడిన స్త్రీగా ఆమె ఎంత ఎదుర్కొందో చెప్తే అమ్మాయిలు శ్రద్ధగా వినేవారు. ఇప్పుడూ చెప్తాను. కానీ చెప్తున్నప్పుడల్లా వెనక బెంచీ గుర్తొస్తుంది. ఆ పిల్ల చేసినదీ ఆ పనే. 

ఆ రోజు ప్రాక్టికల్ అయ్యాక రికార్డు పుస్తకాలు దిద్దాను. ఆ అమ్మాయి బొమ్మ అందరికంటే బాగుంది. కేసరాల గొట్టం విడిగా, కీలం విడిగా, అయిదు పాయల కీలాగ్రం స్పష్టంగా వేసింది. పైన 'కావలసిన పరికరాలు' అన్న చోట సూది, చిమటా, బ్లేడు, భూతద్దం అని నేను బోర్డు మీద రాసిందంతా ఎక్కించి, చివర 'గోరు' అని తనంతట తాను చేర్చింది.

నేను ఎర్రసిరాతో దాన్ని కొట్టేసి, పదికి తొమ్మిది వేశాను.